సమాధానం: తిప్పతీగ కషాయం, అమ్మకు కామెర్లు

తమ్మీ, అమ్మ రెండు నెలలుగా తిప్పతీగ కషాయం తాగుతోంది, కళ్లు పచ్చబడ్డాయి, పసరు పోయించాలా అని అడిగావు. వద్దు. ముందు ఆ కషాయం ఆపెయ్. థైరాయిడ్ ఉందన్నావు, నా అనుమానం అక్కడే. తిప్పతీగ రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుంది. థైరాయిడ్ సమస్య చాలామందిలో ఆటోఇమ్యూన్ తత్వం వల్ల, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత అవయవాల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. అలాంటివాళ్లకు ఆ శక్తి సొంత లివర్ మీదికే తిరగబడొచ్చు. కరోనా కాలంలో ముంబై డాక్టర్లు ఇలాంటి కేసులే చూసి 2021లో రాశారు.

రేపే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో, హనుమకొండలో ఎవరైనా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరో చూపించు. ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు), పీటీ (రక్తం గడ్డకట్టే సమయం), హెపటైటిస్ టెస్టులతో పాటు ఆటోఇమ్యూన్ జాడ తెలిపే ఏఎన్ఏ, ఐజీజీ రక్త పరీక్షలు కూడా అడుగు. మిగిలిన కాడముక్క పట్టుకెళ్లు, ఆ పేరుతో వేరే తీగలూ అమ్ముతుంటారు. మత్తుగా ఉన్నా, మాట తడబడినా నేరుగా ఎమర్జెన్సీకే. తగ్గాక మళ్లీ తాగనివ్వకు, రెండోసారి ఇంకా గట్టిగా దెబ్బ కొట్టొచ్చు.