అల్లం బస్తాలకా, అమ్మకా?

ప్రశ్న: మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. అల్లం, క్యాబేజీ కొని సాలూరు, విజయనగరం పంపుతాను. సీజన్‌లో వారానికి నాలుగు ట్రిప్పులు, మిగతా నెలల్లో ఎప్పుడో ఒకటి. అమ్మకు మోకాళ్లు, నడుము నొప్పి. నెలకు రెండుసార్లు విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఐదుగురం. 2014 బొలెరో పికప్ ఒకటి, అదే ఏడాది డీజిల్ డస్టర్ కారు ఒకటి ఇంచుమించు ఒకే ధరకు వస్తున్నాయి. రెండూ ఆంధ్రా రిజిస్ట్రేషన్. పికప్ అయితే వెనక పరుపు వేసుకుని అందరం వెళ్లొచ్చని మా బావ అంటున్నాడు. ఏది కొనమంటారు?

జవాబు: ముందు ఆ పరుపు మాట వదిలేయండి. సాలూరు షెడ్డులో పనిచేసే రోజుల్లో నేనూ అలాగే పొట్టంగి పెళ్లికి బంధువుల్ని పికప్ వెనక ఎక్కించుకున్నాను. సుంకి ఘాటీ దిగువన మలుపులో ఆవు అడ్డొస్తే బ్రేకు తొక్కాను. మా పిన్ని కూతురి నుదురు పక్క పలకకు కొట్టుకుని ఏడు కుట్లు పడ్డాయి. పట్టుకోవడానికి పాపం ఆ పిల్లకు ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరినీ వెనక ఎక్కనివ్వలేదు. అది చట్టానికీ విరుద్ధం.

పికప్ వెనక కమాన్ పట్టీలు టన్నుకు పైగా బరువు మోయడానికి పెట్టినవి. బరువుంటేనే అవి వంగుతాయి. ఖాళీగా ఉంటే ప్రతి గుంతా నేరుగా నడుముకు తగులుతుంది, ముందు సీట్లో కూర్చున్నా సరే. పైగా ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలనే. వానలో ఖాళీ బండితో ఘాటీ దిగుతుంటే వెనక భాగం జారుతుంది. అందుకే ఖాళీగా వచ్చేటప్పుడు నేను రెండు ఇసుక బస్తాలు వేసుకునేవాణ్ణి.

మీకు ఏడాది పొడవునా లోడు ఉంటే రెండో ఆలోచన లేకుండా పికప్ కొనమనేవాణ్ణి. దాని సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, మెకానిక్ కోసం వెతకక్కర్లేదు. కానీ మీ లోడు సీజన్‌దే, ఆసుపత్రి మాత్రం నెలనెలా ఉంది. పికప్ లాంటి పసుపు బోర్డు (కిరాయి, సరుకు) బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. తిరగని నెలల్లోనూ ఆ ఖర్చు తప్పదు. డస్టర్ తీసుకోండి. సీజన్‌లో పికప్ అద్దెకు పెట్టుకుని, ఆ కిరాయి అల్లం లెక్కలో రాసుకోండి.

డస్టర్‌లో నాకు టెన్షన్ పెట్టేది టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్ వాల్వుల కదలికను నడిపే పట్టీ. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. అది నడుస్తుండగా తెగితే వాల్వులు వంగిపోయి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. కొన్న వారంలోనే బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్పించండి. ఆ పాత మోడల్ తయారీ 2022లో ఆగిపోయింది కాబట్టి కొన్ని సామాన్లకు విశాఖ వెళ్లాల్సి రావచ్చు.

చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, స్టార్టింగ్ కష్టం దాచడానికి ముందే నడిపి ఉంచారేమో. చల్లారాక మళ్లీ వెళ్లండి. తర్వాత ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, సాలూరు నుంచి సుంకి దాకా ఎక్కించండి. ఇంజిన్ అరుస్తున్నా వేగం పెరగకపోతే క్లచ్ పోయినట్టే. రెండో గేరులో దిగుతూ బ్రేకు పెడల్ మెత్తబడుతోందేమో చూడండి.

ఆంధ్రా ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఒడిశాలో రోడ్డు టాక్స్ కట్టి నంబరు మార్పించాలి, ఆ మొత్తం బేరంలోనే లెక్కేసుకోండి. ఆర్సీ గడువు 2029 దాకా ఉంటుంది.

బేరం కుదిరే ముందు అమ్మగారిని ఒకసారి ఎక్కించి దించి చూడండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు సీటు ఎత్తు కుదరాలి. ఎత్తనిపిస్తే పక్కన మెట్టు బిగించుకోవచ్చు.