సాక్ష్యం చెప్పించే ముందు

కరుణా,

అమెరికాలో, అరిజోనాలోని ట్యూసాన్‌లో ఉద్యోగం వచ్చిందనీ, బైబిలు పాత నిబంధన పాఠాలు చెబుతూనే ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళ కేసుల్లో సాయం చేస్తావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వపడ్డానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నువ్వు వెళ్ళేది మామూలు ఊరు కాదమ్మా. ఎల్ సాల్వడార్, గ్వాటెమాలాల నుంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్ళకు ఆశ్రయమిస్తామని 1982 మార్చి 24న అక్కడి సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి బాహాటంగా ప్రకటించింది. ప్రభుత్వం వాళ్ళ మధ్యకి రహస్యంగా టేపు రికార్డర్లతో మనుషుల్ని పంపింది. 1986లో పాస్టర్ జాన్ ఫైఫ్‌తో సహా ఎనిమిది మందిని దోషులన్నారు. జైలు తప్పి ప్రొబేషన్‌తో, అంటే కోర్టు నిఘా మీద, బయటపడ్డారు.

క్లాసులో పరదేశిని ప్రేమించమనే లేవీయకాండము 19 ఎలాగూ చెబుతావు. అన్యస్త్రీలను పిల్లలతో సహా పంపించేసిన ఎజ్రా కాలం సంగతీ చెప్పు. దాచిపెడితే విద్యార్థులు నిన్ను నమ్మరు. చిన్నప్పుడు గుంటూరు సండేస్కూల్లో పరదేశి కోడలు రూతు కథ చెబితే, "బేత్లెహేములో ఆమెను ఎవరూ తిట్టలేదా పెద్దమ్మా?" అని అడిగావు. ఇప్పుడు ఆ ప్రశ్న నీ విద్యార్థులను అడుగు.

నా భయం వేరు. నాతో పనిచేసిన ఒక ప్రొఫెసర్, చాలా మంచివాడు, హోండురాస్ నుంచి వచ్చిన ఒకావిడ చేత చర్చిలో సాక్ష్యం చెప్పించాడు. తమ్ముణ్ణి ముఠావాళ్ళు క్రిస్మస్‌కు ముందు చంపారని ఆవిడ ఏడుస్తూ చెప్పింది. అది చర్చి పత్రికలో అచ్చయింది. కోర్టుకిచ్చిన అఫిడవిట్‌లో జనవరి అని ఉంది. ఆవిడ ఒప్పుకోబట్టి విచారణకు నన్నూ లోపలికి రానిచ్చారు. ప్రభుత్వ లాయరు ఆ పత్రిక తీసి, వాక్యం మీద వేలు పెట్టి, "ఏది నిజం?" అన్నాడు. ఆవిడ ఒళ్ళో చేతిరుమాలు మెలిపెడుతూ దుబాసీ వైపే చూస్తూ ఉండిపోయింది. 2005లో రియల్ ఐడీ చట్టం వచ్చాక, అసలు విషయంతో సంబంధం లేని చిన్న తేడా దొరికినా మనిషి మాట నమ్మలేనని జడ్జి అనొచ్చు. ఆవిణ్ణి నమ్మలేదు. పంపించేశారు.

కరువుకు ఐగుప్తు వెళ్ళిన అబ్రాము భయపడి భార్యను చెల్లెలన్నాడు. ఆదికాండము 20లో మళ్ళీ అదే కథ, 26లో ఇస్సాకుకూ అదే. ఒకే కథ చెప్పడంలో ఆ తేడాలు దొరికితే బైబిలు పాఠాలు చెప్పే మనకు పండగ, కూర్చుని వ్యాసాలు రాస్తాం. కోర్టులో అదే తేడా మనిషిని నిలువునా ముంచుతుంది.

నీ చదువు అక్కడే పనికి రావాలి. తేదీలు గుర్తులేనివాళ్ళ పక్కన ఓపిగ్గా కూర్చో. పండగలు, వానలు, పిల్లల పుట్టుకలు పట్టుకుని ఏది ముందో ఏది వెనకో తేల్చు. రాసింది లాయరు చేతికే ఇవ్వు. అమెరికా వచ్చిన ఏడాదిలోపు ఆశ్రయం దరఖాస్తు పడిందో లేదో మొదటిరోజే కనుక్కో. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయరును పెట్టదు, అందుకని అందరూ నిన్నే అడుగుతారు. నువ్వు లాయరువి కావు, ఫారాల్లో ఏం రాయాలో చెప్పకు. కేసు తేలేదాకా చర్చిలో సాక్ష్యం చెప్పమని ఎవర్నీ పల్పిట్ ఎక్కించొద్దు. పేరు మార్చి వ్యాసంలో పెడతానని కూడా అనకు. ఊరు, సంవత్సరం, చనిపోయిన మనిషి ఉంటే ఇంక పేరెందుకు?

తల్లీ, నువ్వూ హెచ్1బీ మీదే ఉన్నావు. జీతం లేని పనే కదా అనుకోకు, మొదలుపెట్టే ముందే నీ వీసా లాయరును అడుగు. అడిగావో లేదో ఆదివారం ఫోన్లో నాకు చెప్పాలి.

మీ పెద్దమ్మ