ఇంగ్లండ్‌లో మధ్యయుగాల అబ్బేలు, అంటే క్రైస్తవ సన్యాసుల మఠాలు, చాలావరకు మొండిగోడలే మిగిలాయి, కొన్ని మాత్రం చెక్కుచెదరకుండా ఎలా ఉన్నాయి?

ఊరివాళ్ళు కొనుక్కున్నవి మిగిలాయి. నా జవాబు ఇదే. కెథెడ్రల్‌గా, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చిగా, మార్చినవి వేరే లెక్క, మా పక్కనున్న గ్లోస్టర్ చర్చి అలాగే బతికింది. మిగతా వాటి సంగతి మాత్రం చాలావరకు ఊరి మీదే ఆధారపడింది.

నేను 2005 నుంచి చెల్టెన్‌హామ్‌లో ఉంటున్నాను. మా ఇంటి నుంచి కారులో అరగంట దూరంలో మూడు పాత మఠాలు ఉండేవి. వించ్‌కూమ్‌లో ఉన్నదానికి ఇప్పుడు గోడ కూడా లేదు. హెయిల్స్‌లో పచ్చిక మధ్యలో కొన్ని కమానులు నిలబడి ఉన్నాయి. ట్యూక్స్‌బరీలో చర్చి మొత్తం ఉంది, ఇవాళ్టికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. మూడింటినీ మూయించింది అప్పటి ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీయే. అది కూడా 1539 డిసెంబరు, 1540 జనవరి మధ్య, నెల తిరక్కుండానే. మఠం మూతపడగానే కప్పు మీది సీసం ఊడదీసి కరిగించేవారు, గంటలు దించేసేవారు. కప్పు పోయిన కట్టడం వానకి ఎన్నాళ్ళు ఆగుతుంది? మిగిలిన రాళ్ళు చుట్టుపక్కల ఇళ్ళకీ, దొడ్లకీ వెళ్ళిపోయాయి.

ట్యూక్స్‌బరీ చర్చిలో ముందు భాగాన్ని, అంటే నేవ్ అనే పొడవాటి హాలుని, ఊరివాళ్ళు ఎప్పటినుంచో తమ చర్చిగా వాడుకునేవారు. అందుకని మొత్తం చర్చిని తామే కొంటామని రాజుగారి మనుషులతో బేరం పెట్టుకున్నారు. 453 పౌండ్లకి తెగింది. సీసం, గంటల లోహం కరిగించి అమ్మితే ఎంత వస్తుందో లెక్కగట్టి చెప్పిన ధర అది. ఆ కాలంలో ఒక చిన్న ఊరికి అది మాటలు కాదు. ఆ డబ్బు పోగుచేసినవాళ్ళ మీద నాకున్నంత గౌరవం ఆ చర్చి కట్టించిన ప్రభువుల మీద లేదు.

ఇదంతా నాకు బాగా తలకెక్కింది మాత్రం మా నాన్న వచ్చినప్పుడు. ఆయన పిడుగురాళ్ళ వైపు నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీగా పనిచేశారు. ఇంగ్లీషు రాదు. లండన్ తీసుకెళితే వంతెనలు చూశారు, బస్సులు చూశారు, రెండో రోజుకే "ఇంక ఇంటికి పోదాం రా" అన్నారు. ట్యూక్స్‌బరీకి తీసుకెళ్ళిన రోజున నేను గైడు చెప్పేదాన్ని తెలుగులో చెబుదామని తయారై వెళ్ళాను. ఆ అవసరమే రాలేదు.

లోపలికి అడుగుపెట్టగానే రెండు వైపులా ఏడేసి స్తంభాలు ఉంటాయి. ఒక్కోటీ సుమారు 30 అడుగుల ఎత్తు, ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా అందని లావు. పెద్ద చెక్కడమేమీ ఉండదు, నున్నగా, గుండ్రంగా పైకి వెళ్ళిపోతాయి. నాన్న మొదటి స్తంభం దగ్గరే ఆగి అరచెయ్యి ఆనించారు. వేలితో అతుకుల వెంట రాసుకుంటూ చుట్టూ తిరిగి వచ్చారు. "ఒకే రాయి కాదు ఇది. బయట చెక్కిన రాయి వరసలు పేర్చి, లోపల రాళ్ళూ సున్నమూ దట్టించి ఉంటారు" అన్నారు. నార్మన్ల కాలపు లావు స్తంభాలు సాధారణంగా అలాగే కట్టేవారని నేను అంతకుముందే చదివాను. ఆయన చెయ్యి పెట్టి చెప్పేశారు.

తర్వాత తల పైకెత్తి చాలాసేపు అలాగే ఉండిపోయారు. మెడ నొప్పి పుడుతుంది, కూర్చోండి అంటే వినరు. చివరికి అన్నారు: "ఒరే, స్తంభాలు కట్టినోళ్ళు వేరు, కప్పు వేసినోళ్ళు వేరు. స్తంభం ఇంకా పైకి పోయే కట్టడం కోసం లేపింది. కప్పు వచ్చి దాని నెత్తి మీదే కూర్చుంది, చూడు."

చూస్తే నిజమే. రాతి కప్పు తాలూకు పక్కటెముకల్లాంటి బద్దలు స్తంభాల తలల పైనుంచే మొదలై వలలాగా అల్లుకుంటాయి. పైన కిటికీలకి చోటు చాలక ఇరుకైపోయాయి. అక్కడున్న పెద్దావిడ, వాలంటీరు గైడు, మేము చేతులు చూపిస్తూ మాట్లాడుకోవడం చూసి దగ్గరకి వచ్చింది. నాన్న మాటని నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నాన్న వైపు తిరిగి తల ఊపింది. స్తంభాలు 1121లో ప్రతిష్ఠ చేసిన మొదటి చర్చివి, అప్పట్లో పైన చెక్క కప్పు ఉండేది. రాతి కప్పు వేసింది 14వ శతాబ్దంలో, అంటే రెండు వందల ఏళ్ళు గడిచాక. నేను అదే చర్చికి అంతకుముందు పదిసార్లు వెళ్ళి ఉంటాను. ఒక్కసారీ అది నా కంటపడలేదు.

నాన్న ఆవిడని అడిగింది ఒకటే ప్రశ్న: రిపేరు చేసేటప్పుడు అతుకుల్లో సిమెంటు పెడతారా, సున్నమా? సున్నమే అని ఆవిడ చెప్పగానే ఆయన ముఖం చూడాలి. పాత రాయికి సిమెంటు పెడితే తేమ బయటికి పోదు, రాయే పొరలుగా రాలిపోతుంది. ఇది ఆయన జీవితమంతా మొత్తుకున్న మాట.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. మా వైపు ఒక పాత గుడి ఉంది, పేరు చెప్పను. నల్లరాతి స్తంభాలకి ఎనామిల్ పెయింట్ కొట్టారు. రాతి నేల మీద టైల్స్ పరిచారు. వద్దని చెప్పడానికి వెళితే నాన్నని "మీరు పాతకాలం మనిషి" అని పంపేశారు. చెయ్యించినవాళ్ళది భక్తే, కాదనను. కానీ మిగల్చడం అంటే కొత్తగా కనిపించేలా చెయ్యడం కాదు. ఇంగ్లండ్‌లో కూడా ఈ గొడవ జరిగింది, అదీ ఇదే చర్చి దగ్గర. 1870ల్లో గిల్బర్ట్ స్కాట్ అనే పేరున్న ఆర్కిటెక్టు ట్యూక్స్‌బరీని బాగుచేసే పని పెట్టుకున్నాడు. బాగుచేత పేరుతో పాతది చెరిగిపోతుందని విలియమ్ మోరిస్ అనే కవి, డిజైనరు 1877లో పత్రికకి ఘాటుగా ఉత్తరం రాశాడు. పాతవాటిని చెరపకుండా కాపాడే సంఘం అదే ఏడాది పుట్టింది, ఇప్పటికీ పనిచేస్తోంది. అలాంటి ఉత్తరం మన దగ్గర ప్రతి జిల్లాలో ఒకరు రాయాలి.

చర్చిలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. 1471 మే 4న ఊరి పక్కనే, సింహాసనం కోసం కొట్టుకుంటున్న లాంకాస్టర్, యార్క్ వంశాల మధ్య పెద్ద యుద్ధం జరిగింది. ఓడిన లాంకాస్టర్ పక్షం వాళ్ళు ప్రాణభయంతో ఈ చర్చిలోకే పరుగెత్తుకొచ్చారు. ఆశ్రయం దక్కలేదు. వాళ్ళ నాయకుల్ని బయటికి తీసి, రెండు రోజుల తర్వాత ఊరి నడిబొడ్డున తలలు నరికారు. వాళ్ళ రాకుమారుడు ఎడ్వర్డ్‌ని ఇక్కడే పాతిపెట్టారు, నేల మీద ఇత్తడి పలక ఉంటుంది. ఆ పలక దగ్గర నిలబడి పైకి చూస్తే గెలిచిన యార్క్ వంశం గుర్తు, బంగారు రంగు సూర్యుళ్ళు. నాకు అక్కడ ఎప్పుడూ మనసు బరువెక్కుతుంది.

2007 జులై వరదల్లో సెవర్న్, ఏవన్ నదులు కలిసి ఊరిని ముంచేశాయి. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఈ చర్చి, ఆ ఫోటో చాలామంది చూసే ఉంటారు. నీళ్ళు శుద్ధిచేసే కేంద్రం మునిగిపోయి మా చెల్టెన్‌హామ్‌తో సహా సుమారు మూడున్నర లక్షల మందికి దాదాపు రెండు వారాలు కుళాయి నీళ్ళు లేవు. వీధి చివర ట్యాంకు దగ్గర బిందెకి బదులు బకెట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. చర్చి మాత్రం ఆ నీళ్ళలోనూ నిలబడే ఉంది.

వెళితే యాష్‌చర్చ్ స్టేషన్‌లో దిగండి, అక్కడి నుంచి ఊరు రెండు మైళ్ళు. టికెట్ లేదు, చందా డబ్బా ఉంటుంది, వెయ్యడం మీ ఇష్టం. లోపల చూశాక బయటికి వచ్చి తూర్పు గోడ వైపు తిరగండి. అక్కడ మేరీమాత పేరున ఒక పెద్ద చాపెల్ (ప్రార్థన మందిరం) ఉండేది, మఠం మూతపడ్డాక కూల్చేశారు. దాని ఆనవాళ్ళు గోడ మీద ఇప్పటికీ కనిపిస్తాయి. నాన్న ఆ గోడ దగ్గర నిలబడి, ఎక్కడ కమాను మొదలయ్యేదో, ఎక్కడ దిగేదో, గాల్లో వేలితో గీసి నాకు చూపించారు.