రెండో సెట్ టైర్లు దండగ ఖర్చా?

ప్రశ్న: మేం కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాం. నేను నర్సును. ఈ శీతాకాలం నుంచి ఉదయం షిఫ్టు, ఐదున్నరకే బయల్దేరాలి. కారుకు ఇప్పుడున్నవి ఆల్ సీజన్ టైర్లు. మంచులోనూ పనికొచ్చేలా చేసిన, ఏడాది పొడవునా ఉంచేసే ఆల్ వెదర్ టైర్లు నాలుగూ 900 డాలర్లన్నారు, 80,000 కిలోమీటర్ల వారంటీ. వింటర్ టైర్లయితే రిమ్ములతో కలిపి 1,250. అపార్ట్‌మెంట్లో పెట్టుకునే చోటు లేదు, స్టోరేజీకి ఏడాదికి 100 కట్టాలి. మార్చిన ప్రతిసారీ 60. ఏడాదికి 16,000 కిలోమీటర్లు తిరుగుతాం. ఇంటికి డబ్బు పంపాలి, కారు లోను ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: మీ పరిస్థితికి వింటర్ టైర్లే కొనండి. ఖర్చు ఎక్కువే, కానీ మీరు భయపడుతున్నంత కాదు.

ఏడాది లెక్కన చూద్దాం. ఆల్ వెదర్ టైర్లు ఏడాది పొడవునా అరుగుతాయి కాబట్టి మీ తిరుగుడుకు 5 ఏళ్లు వస్తాయి. అంటే ఏడాదికి 180 డాలర్లు. పైగా ఇంకా బాగున్న పాత టైర్లను తీసి పక్కన పడేయాలి. వింటర్ సెట్ 5 సీజన్లు వస్తుందనుకుంటే ఏడాదికి 250, రెండుసార్లు మార్చడానికి 120, స్టోరేజీ 100, మొత్తం 470. చలికాలమంతా విశ్రాంతి దొరుకుతుంది కాబట్టి పాత టైర్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి. రెండు జతల చెప్పులు మార్చి మార్చి వేసుకున్నట్టే.

తేడా 290. ఇందులోంచి ఇన్సూరెన్స్ తగ్గింపు తీసేయండి. వింటర్ టైర్లు వేసుకున్నవాళ్లకు మీ అంటారియో రాష్ట్రంలో 2016 జనవరి 1 నుంచి బీమా కంపెనీలు డిస్కౌంట్ ఇచ్చి తీరాలి. మీ ప్రీమియం 2,500 డాలర్లు, తగ్గింపు 3 శాతం అనుకుందాం, 75 మిగులుతాయి. ఇక తేడా 215, నెలకు 18 డాలర్లు. తెలిసినవాళ్ల గరాజ్‌లో నాలుగు టైర్లకు చోటు దొరికితే ఇంకో వంద తగ్గుతుంది. అడగడానికి మొహమాటపడకండి.

ఆ 18 డాలర్లకు మీకు దక్కేది బ్రేకు. ఆల్ సీజన్ రబ్బరు ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే గట్టిపడి పట్టు వదులుతుంది. ఆల్ వెదర్ అంతకంటే చాలా నయం. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు గుర్తు ఉంటుంది చూడండి, అది వీటికీ ఉంటుంది, వింటర్ టైర్లకూ ఉంటుంది. అందుకే రెండూ ఒకటేనని షాపులో చెబుతారు. కానీ ఆ గుర్తు కోసం ప్రధానంగా చూసేది గట్టిపడిన మంచు మీద బండి ఎంత పట్టుతో ముందుకు కదులుతుందన్నదే. ఐస్ మీద ఎంత దూరంలో ఆగుతుందో అది చెప్పదు. ఐదున్నరకు, మంచు కరగడానికి ఉప్పు చల్లే బండి ఇంకా రాని వీధిలో మీకు కావాల్సింది ఆగడమే. మెత్తటి వింటర్ రబ్బరు అక్కడే ముందుంటుంది. మీ తప్పుతో ఒక్కసారి ముందు కారుకు తగిలినా డిడక్టబుల్, అంటే రిపేరు ఖర్చులో బీమా కంపెనీ ఇవ్వని మొదటి వాటా, మీ జేబులోంచే పోతుంది, ప్రీమియం ఏళ్ల తరబడి పెరగొచ్చు.

ఇంటి నుంచి పనిచేస్తూ వారాంతంలో సరుకులకు మాత్రమే వెళ్లేవాళ్లు అడిగి ఉంటే ఆల్ వెదర్ చాలనేవాణ్ణి.

డబ్బు ఆదా అవుతుందని వింటర్ టైర్లు రెండే వేయించుకోకండి. ముందు చక్రాలకే వేస్తే వంపులో కారు వెనకభాగం జారిపోతుంది. సెకండ్ హ్యాండ్ కొంటే టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి. 3519 అంటే 2019లో 35వ వారంలో తయారైంది, మరీ పాతది, వద్దు. రిమ్ములు మాత్రం పాతవైనా పర్లేదు, వంకర లేకపోతే చాలు.

క్రెడిట్ కార్డు మీద కొని 20 శాతం వడ్డీ కడితే ఈ లెక్కంతా తారుమారవుతుంది. ఈ జూన్ నుంచి నెలకు 250 పక్కన పెట్టండి, అక్టోబర్ చివరికి 1,250 చేతిలో ఉంటుంది. మొదటి మంచు పడ్డాక షాపుల్లో అపాయింట్‌మెంట్ దొరకదు కాబట్టి బుకింగ్ సెప్టెంబర్‌లోనే చేయండి. ఏదైనా అవసరం వచ్చి అప్పటికి 900 మాత్రమే కూడితే, అప్పు చేయకుండా ఆల్ వెదర్ తీసుకోండి. పాత ఆల్ సీజన్లతో మాత్రం ఆ షిఫ్టుకు వెళ్లొద్దు.