వైద్యం చేసే చెయ్యి, కొలిచే చెయ్యి

చి॥ అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ పీజీ థీసిస్ సంగతి చెప్పింది. పక్షవాతం వచ్చి రెండు మూడు నెలలైనవాళ్ళను తీసుకుని, సగం మందిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, మిగతా సగానికి మామూలు వ్యాయామాలు చేయించి, ఎవరి నడక బాగుపడుతుందో చూస్తావట. చెబుతున్నంతసేపూ దాని ఆనందం ఆగలేదు. నాకూ గర్వంగానే ఉంది. మన ఇంట్లో నా తర్వాత ఈ ఫిజియోథెరపీ పనిలోకి వచ్చింది నువ్వే. చేసిన వైద్యం నిజంగా పని చేస్తోందా అని అడగాలనుకున్నదీ నువ్వే. అయినా ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ ఒకటే టెన్షన్. అందుకే రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

తేలిక విషయాలు ముందు. ఎథిక్స్ కమిటీ కాగితం చేతికి రాకుండా ఒక్క పేషెంటును కూడా చేర్చుకోకు. మొదటి పేషెంటు చేరకముందే ట్రయల్ రిజిస్ట్రీలో, అంటే ఇలాంటి పరిశోధనల వివరాలు అందరికీ కనిపించేలా ముందే రాసిపెట్టే జాబితాలో, నమోదు చేయించు. ఎంతమంది కావాలో స్టాటిస్టీషియన్ దగ్గర కూర్చుని ముందే లెక్క వేయించుకో, మధ్యలో మానేసేవాళ్ళను కూడా కలుపుకుని. చీటీ తీసినట్టు ఎవరు ఏ గుంపులోకి వెళ్తారో రాసిపెట్టిన కవర్లు వెలుతురులో పెట్టినా లోపలిది కనిపించనంత మందంగా ఉండాలి. నవ్వకు. మనసు మంచిదైన థెరపిస్టే కవరు ఎత్తి లైటుకు అడ్డం పెట్టి చూస్తుంది, ‘ఈవిడకు ట్రెడ్‌మిల్ వస్తే బాగుండు’ అని. ఇవన్నీ మీ గైడ్ చెబుతారు.

వాళ్ళు చెప్పకపోవచ్చుననిపించేది ఒకటుంది. పేషెంట్లు మనతో అబద్ధం చెబుతారు. మన మీద అభిమానంతోనే చెబుతారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా డిపార్ట్‌మెంటులో ఒక సీనియర్ ఉండేవారు. చేతి పనిలో ఆయన్ని మించినవాళ్ళను నేను ఇప్పటికీ చూడలేదు. భుజం పట్టేసినవాళ్ళ కోసం ఆయన సొంతంగా ఒక మొబిలైజేషన్ పద్ధతి, అంటే కీలును చేత్తో కదిలించి వదులు చేసే పద్ధతి, తయారు చేసుకుని, దాని మీద స్టడీ మొదలుపెట్టారు. వైద్యం ఆయనే చేసేవారు, కొలతా ఆయనే తీసేవారు. నేను పక్కన రిజిస్టరు పట్టుకుని ఆయన చెప్పిన అంకె రాసేదాన్ని.

ఆ కొలత ఎలా సాగేదో చెబుతాను, విను. మొదటి రోజు పేషెంటును స్టూలు మీద కూర్చోబెట్టి, కీలు ఎంత కదులుతుందో డిగ్రీల్లో కొలిచే గోనియోమీటర్ ఒక పుల్ల మొండెం వెంబడి, రెండోది పై చేతి ఎముక వెంబడి పెట్టి, ‘చెయ్యి ముందుకి ఎత్తండి’ అనేవారు. ముఖం కాస్త చిట్లితే చాలు, ‘చాలు, చాలు, నొప్పి పెట్టుకోకండి’ అని అక్కడే ఆపి అంకె చెప్పేవారు. వైద్యం అయిపోయిన చివరి రోజున అదే స్టూలు, అదే గోనియోమీటర్. కానీ ఇప్పుడు ‘ఇంకొంచెం, ఇంకొంచెం, శభాష్!’ అంటూ అరచేత్తో మోచేతిని కాస్త పైకి తోసేవారు. పేషెంటు ఆయన్ని మెప్పించాలని నడుము వెనక్కి విరిచి, పక్కటెముకలు పైకి లేపి, ఎలాగోలా చెయ్యి ఎత్తేసేది. భుజంలో రావాల్సిన కదలిక వెన్నులోంచి వచ్చేది. ఆ డిగ్రీలన్నీ భుజం ఖాతాలోనే పడేవి.

ఆయన మోసగాడు కాదమ్మా. తోస్తున్నానని ఆయనకే తెలీదు. ‘ఎలా ఉంది?’ అంటే ప్రతివాళ్ళూ ‘చాలా తేలిగ్గా ఉంది సార్’ అనేవాళ్ళు. ఒకావిడ అలాగే చెప్పి, గది దాటగానే నా చెయ్యి పట్టుకుని, ‘రాత్రిళ్ళు ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నా, ఏదైనా బిళ్ళ ఉందేమో అడుగుతావా, సార్‌కి మాత్రం చెప్పకు, ఎంత కష్టపడ్డారో పాపం’ అంది. రిజిస్టరులో మాత్రం ఆవిడ నొప్పి పదికి రెండు.

పైగా పోల్చి చూసుకోవడానికి రెండో గుంపు లేదు. పట్టేసిన భుజం చాలామందిలో నెలల మీద తనంతట తానే ఎంతో కొంత వదులవుతుంది. మన దగ్గరికి వచ్చేదే నొప్పి బాగా ముదిరినప్పుడు కాబట్టి, ఆ తర్వాత ఏం చేసినా, ఏమీ చెయ్యకపోయినా, కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఇదంతా ఆయన పద్ధతి ఖాతాలోకే వెళ్ళింది. సమావేశంలో పేపరు చదివితే చప్పట్లు మోగాయి. తర్వాత కొన్నేళ్ళపాటు మేమందరం ఆ పద్ధతే చేశాం. చివరికి కొత్తగా చేరిన ఒకమ్మాయి పేషెంట్లను వెల్లకిలా పడుకోబెట్టి, నడుము విరవడానికి వీల్లేకుండా చేసి, ఎవరికి ఏ వైద్యం జరిగిందో తెలియని మనిషితో కొలిపించింది. ఇంటి దగ్గర చేసుకునే మామూలు వ్యాయామాలకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆయన ఆ పాత రిజిస్టరు తీసుకెళ్ళి తన గదిలో పెట్టుకున్నారు, మళ్ళీ ఎవరికీ చూపించలేదు. నాకు ఆయన పరువు గురించి బెంగ లేదు. అన్నేళ్ళూ ఆ బల్ల మీద పళ్ళు బిగబట్టి నొప్పి ఓర్చుకున్నవాళ్ళకు ఎవరు జవాబు చెబుతారు?

ఇప్పుడు నీ సంగతి. మన ఫిజియోథెరపీ ట్రయల్స్‌కి మార్కులు వేసే పెడ్రో స్కేలు తెలుసుగా, పదికి లెక్క. అందులో బ్లైండింగ్‌కే, అంటే ఎవరికి ఏ వైద్యమో తెలియకుండా ఉంచడానికే, మూడు: పేషెంటుకు, థెరపిస్టుకు, కొలిచేవాళ్ళకు. మొదటి రెండూ నీకు ఎలాగూ రావు. ట్రెడ్‌మిల్ ఎక్కినాయనకు తను ఎక్కినట్టు తెలియకుండా ఎలా ఉంటుంది? మూడోది మాత్రం వదులుకోకు. ‘మనుషులు లేరు పెద్దమ్మా, నేనే కొలుస్తాను’ అన్నావో, ఊరుకోను. జూనియర్ని బతిమాలుకో, వేరే డిపార్ట్‌మెంటు వాళ్ళని అడుగు. కొలిచేచోటు ట్రెడ్‌మిల్ ఉన్న గదికి దూరంగా పెట్టు. ‘మీరు ఏం చేశారో అక్కడ చెప్పకండి’ అని పేషెంటుకు ముందే చెప్పు, లేకపోతే కూర్చోగానే ‘నిన్న మెషీన్ మీద పది నిమిషాలు నడిచానమ్మా’ అని మొదలుపెడతారు.

ఆరు నిమిషాల నడక పరీక్ష పెడితే, నిమిషం నిమిషానికీ అనాల్సిన మాటలు ముందే రాసిపెట్టి ఉంటాయి, అవే అనాలి. ఒకరికి ‘శభాష్, పరిగెత్తండి’, ఇంకొకరికి మౌనం, ఇలా కుదరదు. కొలిచే మనిషి పేషెంటు కంటే ముందు నడిస్తే వాళ్ళు ఆ వేగం అందుకోవాలని చూస్తారు, అర అడుగు వెనక ఉండమను. మొదటిసారి కంటే రెండోసారి అలవాటు కొద్దీ ఎక్కువ దూరం నడుస్తారు, అందుకని ముందు ఒక ప్రాక్టీసు నడక పెట్టించు.

2011లో అచ్చయిన లీప్స్ ట్రయల్ నీ ప్రపోజల్‌కి ముందే చదివి ఉండాలి, చదవకపోతే ఈ రాత్రే చదువు. 408 మంది. కొందరికి శరీర బరువును పట్టీలతో మోస్తూ ట్రెడ్‌మిల్ నడక, కొందరికి ఇంటికి వెళ్ళి థెరపిస్టు చేయించే వ్యాయామాలు. ఏడాదికి సగానికి కాస్త పైగా మందికి నడక మెరుగైంది, గుంపుల మధ్య మాత్రం తేడా లేదు. నీకూ తేడా రాకపోవచ్చు. వస్తే ఎగరకు, రాకపోతే ఏడవకు, వచ్చింది వచ్చినట్టు రాయి. నాకు అందులో గుండె జారిపోయింది ఇంకో చోట. మొత్తం మీద సగానికి పైగా పేషెంట్లు ఆ ఏడాదిలో కనీసం ఒకసారి పడ్డారు. నడక బాగా దెబ్బతిన్నవాళ్ళలో, తొందరగా ట్రెడ్‌మిల్ మొదలుపెట్టినవాళ్ళు పదే పదే పడటం ఎక్కువ. కాస్త నడవగలిగేసరికి ధైర్యం వస్తుంది, ఇంట్లో ఒంటరిగా లేస్తారు.

కాబట్టి పడిపోకుండా పట్టుకునే హార్నెస్ పట్టీలు లేకుండా ట్రెడ్‌మిల్ బెల్టు ఆన్ చెయ్యకు. బలహీనమైన పక్క ఒక మనిషి ఉండాల్సిందే. సెషన్‌కి ముందు బీపీ చూడు, ఎంత ఉంటే ఆ రోజు ఆపేయాలో ప్రోటోకాల్‌లో అంకె వేసి రాయి. ఇంకో సంగతి. వీళ్ళలో చాలామంది బీపీకి, గుండెకి ఇచ్చే బీటా బ్లాకర్లు వాడుతుంటారు. ఎంత నడిచినా వాళ్ళ నాడి పెద్దగా పెరగదు, అది చూసి ‘ఇంకా ఓపిక ఉంది’ అనుకుని స్పీడు పెంచేస్తావు. ఎంత కష్టంగా ఉందో పేషెంటే అంకెలో చెప్పే బోర్గ్ స్కేలు వాడు, 6 నుంచి 20 వరకు ఉంటుంది, 13 అంటే కొంచెం కష్టంగా ఉందని. అక్కడా ‘పర్లేదమ్మా’ అంటారు, తెలుసుగా! నడుస్తూ ఒక వాక్యం ఆగకుండా పూర్తి చెయ్యగలుగుతున్నారేమో నీ చెవులతో విను.

ఎక్కువ చేయిస్తే ఎక్కువ మేలని మన వృత్తికి ఒక పిచ్చి నమ్మకం. 2015లో వచ్చిన అవర్ట్ ట్రయల్‌లో, స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే లేపి, మామూలు కంటే ఎక్కువసార్లు నిలబెట్టి నడిపించారు, 2,104 మంది మీద. మూడు నెలలకు బాగా కోలుకున్నవాళ్ళు ఆ గుంపులో 46 శాతం, మామూలుగా చూసినవాళ్ళలో 50. ప్రేమతో చేసిన పనే అది కూడా.

మానేసినవాళ్ళను లెక్కలోంచి తీసెయ్యకు. వాళ్ళు ఏ గుంపులో చేరారో ఆ గుంపులోనే ఉంచి లెక్క చూడాలి. ఫోన్ చేసి ఎందుకు రావట్లేదో అడుగు, తిట్టినట్టు కాకుండా. తోడు వచ్చే మనిషి లేక మానేసి ఉంటారు, లేదా గుణం కనిపించక నీకు ముఖం చూపించలేక. ఆ రెండో కారణం నీ ఫలితాల్లోకి రాకపోతే నీ పేపరూ మా సీనియర్ రిజిస్టరూ ఒకటే.

మాట పడిపోయినవాళ్ళు కూడా ఉంటారు. కొడుకు తల ఊపితే తండ్రి ఒప్పుకున్నట్టు కాదు. బొమ్మలు వేసి చూపించు, రెండు రోజులు ఆగి మళ్ళీ అడుగు. ట్రయల్‌లో చేరనన్నా మామూలు వైద్యం ఆగదని ముందే చెప్పు, చాలామంది ఆ భయంతోనే సంతకం పెడతారు.

నువ్వు చిన్నప్పటి నుంచీ ఎవరు కాస్త బాధగా ఉన్నా పరిగెత్తుకెళ్ళే పిల్లవి. నీ పేషెంట్లకు నువ్వంటే ప్రాణం అవుతుంది, చూస్తూ ఉండు. కొలిచే గదికి నువ్వు దూరంగా ఉండాలని ఇంతసేపు చెప్పిందీ అందుకే. తిండి నిద్ర మానేసి డేటా ఎక్కించకు, రాత్రి అలసటలో 13 కాస్తా 31 అవుతుంది.

సమ్మతి పత్రం డ్రాఫ్టు నాకు పంపు, అర్థం కాని మాటలు గీసి ఇస్తాను. ఎవరైనా పడిపోతే రాసుకునే ఫారం కూడా దాంతోపాటే పంపు. అది ఇంకా తయారు చెయ్యలేదని చెప్పావో, ఈసారి ఉత్తరం మీ గైడ్‌కే రాస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ