ఎన్‌ఎంఎంఎస్‌కు ఎంపికైనా డబ్బు ఎందుకు పడదు?

ప్రశ్న: ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష గట్టెక్కిన పిల్లలకు స్కాలర్‌షిప్ ఎందుకు ఆగిపోతోంది?

ఎన్‌ఎంఎంఎస్ అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, ఇది కేంద్ర ప్రభుత్వ పథకం. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు ఇస్తారు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు.

పరీక్ష ఒక్కటే సరిపోదు. ఎంపికయ్యాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, ఆ తర్వాత ఏటా రెన్యువల్ చేయాలి. ఎక్కువమంది జారేది ఇక్కడే. దరఖాస్తును ముందు బడి, తర్వాత జిల్లా స్థాయిలో ధ్రువీకరించాలి. అందులో ఏది ఆగినా డబ్బు రాదు. కాబట్టి పంపి ఊరుకోకండి, స్టేటస్ చూస్తూ హెడ్‌మాస్టరుకు గుర్తుచేయండి.

పేర్ల తేడా మరో తలనొప్పి. బడి రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉంటే చిక్కే. ఎనిమిదిలో పరీక్షకు దరఖాస్తు చేయకముందే రెండూ ఒకేలా చేయించండి. డబ్బు ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోకే వస్తుంది. ఖాతా విద్యార్థి పేరున ఉండాలి, వాడకంలోనూ ఉండాలి. బ్యాంకుకు ఆధార్ ఇవ్వడం వేరు, నగదు బదిలీకి సీడింగ్ (ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో ఆధార్‌తో ముడిపెట్టడం) వేరు. సీడింగ్ అయిందో లేదో బ్యాంకులో విడిగా అడగండి.

స్కాలర్‌షిప్ కొనసాగాలంటే పదిలో 60 శాతం మార్కులు రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 55. తొమ్మిది, ఇంటర్ మొదటి ఏడాది తొలి ప్రయత్నంలోనే పాసవ్వాలి. పది తర్వాత ప్రైవేటు కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్ పోతుంది. ఈ సంగతి అడ్మిషన్‌కు ముందే పిల్లలకు చెప్పాలి.