టెక్ సందేహాలు: చేపల ట్యాంకుకి వైఫై పెట్టేముందు

ప్రశ్న: మాది హైదరాబాద్. ఇంట్లో 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు, సముద్రపు చేపలుండే ఉప్పునీటి ట్యాంకు) పెడదామనుకుంటున్నాను. ఊరెళ్లినా ఫోన్లో చూసుకోవచ్చని లైట్లు, పంపులు నడిపే వైఫై కంట్రోలర్, స్మార్ట్ ప్లగ్గులు, కెమెరా కొనమంటున్నారు. ఏవి తీసుకోవాలి?

జవాబు: ఈ నెలలో ఇదే ప్రశ్న రావడం నాలుగోసారి. అందరూ ఏది కొనాలనే అడుగుతున్నారు. కొన్నదాన్ని ఇంట్లో ఏ నెట్‌వర్క్‌కి తగిలించాలని ఒక్కరూ అడగలేదు.

ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు), నీళ్లు 25-26 డిగ్రీలు, చేపలు వదిలేముందు కొన్ని వారాల సైక్లింగ్ (మలినాల్ని విరిచే బాక్టీరియా పెరిగేదాకా చేపల్లేకుండా ట్యాంకు నడపడం), ఇవి మీకు తెలిసే ఉంటాయి. ఒక్క సంగతి మాత్రం చెప్పి తీరాలి. రీఫ్ కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. ఎవరో అమ్ముతున్నారు కదా అని తెచ్చుకోకండి. సిరామిక్ రాళ్లు పేర్చి చేపలతోనే మొదలుపెట్టండి.

ఇక ప్లగ్గులు. మా తమ్ముడింట్లో ఒక రాత్రి కరెంటు పోయి పది నిమిషాల్లో వచ్చింది. ఫ్రిజ్ నడిచింది, ఫ్యాన్ తిరిగింది, స్మార్ట్ ప్లగ్ మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోయింది. తెల్లారి చూస్తే నీళ్లు కదిలించే వేవ్‌మేకర్ పంపు ఆగిపోయి ఉంది, క్లౌన్ చేపలు రెండూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. యాప్‌లో ఒక్క అలర్ట్ లేదు. గంటకోసారి కరెంటు పోయే ఊళ్లున్న దేశంలో ఇలాంటి ప్లగ్ అమ్మడం నిర్లక్ష్యమే. కరెంటు తిరిగొచ్చాక ఆన్ అయ్యేలా సెట్టింగ్ ఉంటేనే కొనండి. నీళ్లు చల్లబరిచే చిల్లర్‌ని 10 యాంపుల ప్లగ్గుకి అసలు తగిలించకండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం ఇది కాదు. ఉత్తర అమెరికాలో ఒక క్యాసినో తన అక్వేరియం ఉష్ణోగ్రత, మేత చూసుకునే సెన్సర్లను నెట్‌కి కలిపింది. హ్యాకర్లు ఆ ట్యాంకు గుండానే లోపలికొచ్చి 10 జీబీ డేటాని ఫిన్లాండ్‌కి తరలించారు. 2017లో బయటపడిన సంగతి ఇది. మీ ఇంట్లో ఆఫీసు ల్యాప్‌టాప్, బ్యాంకు యాప్ ఉన్న ఫోన్, ఈ కంట్రోలర్, మూడూ ఒకే రౌటర్ మీద ఉంటాయి. అందుకే ట్యాంకు సామాన్లన్నీ గెస్ట్ నెట్‌వర్క్‌లో (అదే రౌటర్లో అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) పెట్టండి. డబ్బా మీద అచ్చేసిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి. రౌటర్లో యూపీఎన్‌పీ (పరికరాలు మనల్ని అడక్కుండా బయటి నెట్‌కి దారి తెరుచుకోనిచ్చే సెట్టింగ్) ఆపేయండి.

కెమెరా విషయంలో ఇంకా జాగ్రత్త. ట్యాంకు లైటు ఆరిపోగానే ఆ గాజు అద్దమైపోతుంది. సోఫా, గుమ్మం, మనుషులు అన్నీ అందులో కనిపిస్తాయి. కెమెరాని పక్కనుంచి, గోడకేసి తిప్పి పెట్టండి.

చేపలకి మేత వేసే యాప్‌కి నా కాంటాక్టులెందుకు? అడగగానే ఇచ్చేస్తున్నాం కాబట్టే అడుగుతున్నారు. ఇవ్వకపోతే తెరుచుకోని యాప్ వచ్చిందంటే ఆ పరికరాన్ని వెనక్కిచ్చేయండి.

కంట్రోలర్ తెచ్చిన రోజే రౌటర్ ఆపి చూడండి. లైటు టైమర్, పంపు షెడ్యూల్ మామూలుగా నడిస్తే ఉంచుకోండి.